చుక్కానికి కొలతలు

ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ముప్పై రెండు అంగుళాలు.
నిలబడితే చెవి కొసకి ఇరవై ఆరు.
కంచరపాలెం సన్నాసాచారి
పెన్సిల్ చెవిలో దోపుకుని
టేపు నీ మీద ఆనించగానే
నువ్వు దాన్ని నాకావు.
"ఏటమ్మా, కుక్కకి ఇల్లు కడతన్నారా?"
ఇల్లు కాదు బాబూ, విమానమెక్కే పెట్టె.
లేచి నిలబడాలి, ఒక చుట్టు తిరగాలి, పడుకోవాలి,
అంత చోటుండాలని రూలు.
"మా ఇంట్లో నాకే అంత లేదు" అన్నాడు,
నవ్వుతూనే రాసుకున్నాడు.

మాకిది ఆరో బదిలీ.
నల్ల ట్రంకు మీద తెల్ల రంగుతో ఆయన పేరు, నంబరు,
పాత ఊళ్లు కొట్టేసిన చోట రంగు దళసరిగా.
అది అటక దిగిన రోజున నువ్వు అన్నం ముట్టవు.
బూట్ పాలిష్ వాసనో,
నేను మాట తగ్గించడమో,
దేన్ని బట్టి పసిగడతావో
ఇప్పటికీ నాకు తెలీదు.

ఈసారి ఓడ కాదు. సముద్రం అవతల దీవి.
అక్కడి కుర్రాళ్లకి పడవ ఇంజన్లు నేర్పాలట, మూడేళ్లు.
ఉత్తర్వులో నాకొక వరస, పైడిశ్రీకొక వరస.
నీకు లేదు.
"సామాను కింద కూడా రాదు, సొంత ఖర్చు"
అన్నాడు గుమాస్తా, తల ఎత్తకుండా.
ఆయన రెండు రోజులు మాట్లాడలేదు.
మూడో రోజు సింధియా నుంచి నడిచొచ్చాడు.
స్కూటర్ లేదు.

డాక్టరమ్మ పద్మలోచని దరఖాస్తు నింపుతూ
జాతి? అంది.
మల్కాపురం చేపల బజార్లో, తోపుడుబండి కింద,
వానకి నలుగురు పోగా మిగిలినదానివి.
ఆ గడి చూస్తే అర అంగుళం.
పుట్టిన తేదీ?
పైడిశ్రీ తన పుట్టినరోజు ఇచ్చేసింది.
మెడ తోలు కింద బియ్యపు గింజంత చిప్పు,
పదిహేను అంకెలు.
"నంబర్లో నాకన్నా సీనియర్‌వి" అని
ఆయన నీకు సెల్యూట్ కొట్టాడు.
నీ నెత్తురు సీసాలో, ఐసులో,
మా అందరికన్నా ముందే ఊరు దాటింది.

పెట్టె వరండాలో పెట్టి నెలయింది.
అలవాటు చెయ్యాలన్నారు.
మొదటి రాత్రి నువ్వు దూరలేదు.
గుంట తనే దూరింది, మోకాళ్లు ముడుచుకుని.
నువ్వు బయట కాపలా.
రెండో రాత్రి ఇద్దరూ.
ఆ తర్వాత, ఎండు నెత్తళ్ల తలకాయలు వేస్తే, నువ్వొక్కదానివే.

పొద్దున్నే డాక్‌యార్డ్ సైరన్ కూస్తే
నువ్వూ మెడెత్తి కూస్తావు.
ఇప్పుడు పెట్టెలోంచి ఆ కూత
ఎక్కడో పొగమంచులో ఓడ పిలిచినట్టుంటుంది.
ఇన్నాళ్లూ తిట్టిన కింది పోర్షన్ ఆవిడ
నిన్న మెట్ల దగ్గర ఆగి అడిగింది:
"ఆదివారం దాకా ఉంటారా?"

దిగాక నెల్లాళ్లు నిన్ను వేరుగా ఉంచుతారట.
అది నీకెలా చెప్పాలి?
ఏ కొలతా దానికి చాలదు.
ఆయన సముద్రం మీదున్న నెలల్లో
గేటు దగ్గర కూర్చోవడం నాకు నేర్పింది నువ్వే:
కళ్లు మూసుకుని, చెవులు మాత్రం రోడ్డు మీద పెట్టి.
నేర్చుకున్నది నీకోసమే వాడాల్సొస్తుందని
అనుకోలేదు.

ఇవాళ సన్నాసాచారి వచ్చి
పెట్టెకి పైవైపు బాణం గుర్తు వేశాడు.
పేరేం రాయమన్నారు? చుక్కాని.
"అది తోసేదా, తిప్పేదా?"
తిప్పేది, అన్నాడు ఆయన.
రంగు ఆరకముందే నువ్వెళ్లి ఒళ్లు రాసుకున్నావు.
అక్కడ 'చుక్క' మిగిలింది,
తక్కినది నీ నడుం మీద తెల్ల చారై
ఇల్లంతా తిరుగుతోంది.
మళ్లీ రాయమంటే కుంచె కడిగేస్తూ అన్నాడు:
"ఉండనీండమ్మా,
అక్కడోలకి తెలుగొచ్చేటి?"